తాబేలు సముద్రం చేరిందా?

నాకు ముక్కు మీదే కోపమని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఉండదా మరి? మా గదికి రావలసిన ఆడవాళ్లలో సగం మంది గుమ్మం దాకా వచ్చి, "అయ్యో, స్టవ్ ఆర్పడం మరిచిపోయానమ్మా" అని వెనక్కి తిరిగేవాళ్లే. మాది స్క్రీనింగ్ గది, నేనక్కడ నర్సుని. గర్భాశయ ముఖద్వారం దగ్గర చిన్న బ్రష్‌తో నమూనా తీసి, ముందు ముందు క్యాన్సర్‌గా మారే సూచనలేమైనా ఉన్నాయేమో చూసే పరీక్ష. పట్టుమని మూడు నిమిషాల పని. దాన్ని మూడేళ్లు వాయిదా వేస్తారు. తీరా బల్ల ఎక్కాక కాళ్లు బిగబట్టేసి, నా చెయ్యి పిండి చేసేసి, "ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు" అని ప్రాణం తోడేస్తారు.

అందుకని మా డాక్టరమ్మ ఓ వీఆర్ హెడ్‌సెట్ తెప్పించింది. కళ్లకు కట్టుకునే నల్ల డబ్బా అది. కట్టుకుంటే గది మాయమైపోయి సముద్రపు ఒడ్డు వస్తుంది. తల ఎటు తిప్పితే అటు ఇసుక, నీళ్లు, ఆకాశం. కాసేపటికి ఇసుకలో గుడ్డు పగిలి ఓ బుల్లి తాబేలు బయటికొస్తుంది. పాక్కుంటూ నీళ్ల వైపు బయల్దేరుతుంది. ఇంకేముంది, బల్ల మీది మనిషి తన సంగతి మరిచిపోయి, "అటు కాదే పిచ్చి మొహమా, ఇటు!" అని తాబేలుకి దారి చెప్పడం మొదలెడుతుంది.

చిక్కల్లా ఒక్కటే. సినిమా పన్నెండు నిమిషాలు, పరీక్ష మూడు నిమిషాలు. తాబేలు నాలుగడుగులు వేసేసరికి డాక్టరమ్మ "అయిపోయింది" అంటుంది, నేను డబ్బా ఊడదీస్తాను. "అప్పుడేనా? అది సముద్రం చేరిందా లేదా?" అని అందరూ నా మీద పడతారు. బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు, ముందు దిగండి తల్లీ అంటాను. ఒకావిడ నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. మీకు మూడేళ్ల దాకా అక్కర్లేదమ్మా అంటే మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు.

ఇంతమందిని బల్ల ఎక్కించినదాన్ని, మా అత్తగారిని ఎక్కించడానికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

మా అత్తగారు ముప్ఫయ్యేళ్లు సినిమా హాల్లో ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చింపింది. గేటు వేశాక ఓ మూల నిలబడి మొదటి సగం చూసేది. ఇంటర్వెల్‌తో డ్యూటీ సరి, వంట చెయ్యడానికి ఇంటికి పరుగు. అంచేత ఆవిడ ఏ సినిమాకీ ముగింపు చూడలేదు. ఇంట్లో పిల్లలేమో కథ చెప్పమని పీక్కుతినేవాళ్లు. రెండో సగం తనే అల్లి చెప్పేసేది. మా ఆయన ఇప్పటికీ ఏవో పాత సినిమాల్లో హీరో చావలేదని ఆఫీసులో పందేలు కాసి ఓడిపోయి వస్తుంటాడు.

"ఈ వయసులో నాకెందుకే ఆ పరీక్షలు?" అని రెండేళ్లు తప్పించుకుంది ఆవిడ. అరవై ఒకటీ ఒక వయసేనా అని నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఓ రోజు సూటిగా అడిగింది.

"ఇంతకీ నువ్వు చేయించుకున్నావా?"

"నాకు ట్రేలు కడిగే పనుందత్తయ్యా" అని నీళ్లు నమిలాను. అది ఇంట్లో, వంటగదిలో. అక్కడ ట్రేలేవీ లేవు.

నిజం చెప్పొద్దూ, ఎనిమిదేళ్లుగా రోజుకి ఇరవై మందిని ఆ బల్ల ఎక్కిస్తున్నాను గానీ నేనొక్కసారీ ఎక్కలేదు. రిపోర్టులు చదివేది నేనే కదా. ఆ కాగితం మీద నా పేరుంటే ఎలా అన్న భయం. భయపడేవాళ్ల మీద కోపమెందుకో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

చివరికి డబ్బాలో సినిమా వేస్తామంటే వచ్చింది అత్తగారు. మూడు నిమిషాల్లో పని అయిపోయింది. నేను డబ్బా తియ్యబోతే రెండు చేతులతో పట్టేసుకుంది. "ఇక్కడా ఇంటర్వెల్ దాకానేనా? నా ఖర్మ!" అంది. డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. కణాల్లో ఏదో మార్పు కనిపిస్తోంది, దగ్గరగా చూసి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని ఉంది అందులో. "ఇది క్యాన్సరని కాదు, కంగారు పడకండి" అని రోజూ పదిమందికి చెబుతాను నేను. ఆ మాటే డాక్టరమ్మ నాకు చెబుతుంటే ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఆ కాగితం మళ్లీ మొదటి నుంచి చదివాను.

అత్తగారు మొండికేసింది. "ఒకసారి చూశారుగా, చాలు. ముక్కలు తీస్తారట ముక్కలు, నేనేమన్నా గుడ్డపీలికనా?" అని తలుపేసుకుంది. మా ఆయన బతిమాలాడు. తలుపు తియ్యలేదు. మూడు వారాలు గడిచాయి. ఇంక ఆలస్యం చెయ్యొద్దని డాక్టరమ్మ ఫోన్ చేసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మడతపెడుతున్న బట్టలు లాగి అవతల పడేశాను.

"మా అమ్మ పోయాక నన్ను తిట్టే దిక్కు మీరొక్కరే! మీకేమైనా అయితే నేనెవరి మీద అరవాలి? నాకు భయంగా ఉందత్తయ్యా!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. బట్టలన్నీ ఏరుకుని మళ్లీ మొదటి నుంచి మడతపెట్టింది. ఆఖరి చీర మడిచాక అడిగింది.

"ఈసారి ఎంతసేపు పడుతుంది?"

"పదిహేను నిమిషాలు."

"అయితే తాబేలు చేరేదాకా చూడొచ్చా?"

"మొత్తం చూడొచ్చు. నాది పూచీ."

"సగంలో ఆపావో, నీ సంగతి చెబుతా" అంది.

అనుకున్న రోజు రానే వచ్చింది. పొద్దున్నే వెళ్లి అన్నీ రెండేసి సార్లు సర్దాను. డబ్బాకి ఛార్జింగ్ పెట్టాను. అత్తగారు బల్ల ఎక్కింది, డబ్బా కట్టాను, సముద్రం వచ్చింది. డాక్టరమ్మ దూరం నుంచే లోపలి భాగాన్ని పెద్దదిగా చూపించే యంత్రాన్ని దగ్గరికి జరుపుకుని కూర్చుంది. నేను తల దగ్గర నిలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. రోజూ ఎన్నో చేతులు పట్టుకునేదాన్నే, ఆ వేళ మాత్రం నా కళ్లు డాక్టరమ్మ మొహం మీంచి కదల్లేదు.

"గుడ్డు పగిలింది" అంది అత్తగారు. "వచ్చాడు బుజ్జిగాడు. అబ్బ, ఎంత నీరసంగా నడుస్తున్నాడే!"

తల అటూ ఇటూ తిప్పింది. తర్వాత నా చేతిని గట్టిగా నొక్కింది. "ఓయమ్మో, పీతొచ్చింది! దారికి అడ్డంగా నిలబడింది. టికెట్ చూపించమంటోంది."

డబ్బా పనిచేస్తోందో లేదో చూడ్డానికి నేను ఆ సినిమా రెండొందల సార్లు చూసి ఉంటాను. అందులో పీత ఉన్నట్టు నాకు గుర్తు లేదు. ఏ మూలో ఉండి ఉంటుంది, నేనే గమనించలేదేమో అనుకున్నాను.

"టికెట్ లేదంటే వదలదట. తాబేలు తక్కువదా? మా అమ్మ లోపలుంది, ఆవిడ దగ్గరుంది టికెట్ అంటోంది. ఇలాంటివాళ్లని ఎంతమందిని చూశానే నేను!"

నాకు నవ్వొచ్చింది. అంత కంగారులోనూ వచ్చింది.

"ఇప్పుడు ముక్క తీస్తానమ్మా, ఒక్కసారి దగ్గండి" అంది డాక్టరమ్మ.

"చూశావా, అల కొట్టింది, ఉప్పునీళ్లు మింగేసింది పాపం" అని అత్తగారు తాబేలు తరఫున గట్టిగా దగ్గింది. నా చేతిని ఒక్కసారి బిగించి వదిలింది. "ఫరవాలేదు, ఫరవాలేదు. ఇంకో అల వచ్చింది. ఎత్తుకుపోయింది! చేరిందమ్మాయ్, సముద్రం చేరింది. అమ్మ ఎదురొచ్చి చెవి మెలేస్తోంది, ఇంత ఆలస్యమా అని."

"అయిపోయింది" అంది డాక్టరమ్మ. "మచ్చ చిన్నదే. భయపడాల్సినట్టు కనిపించడం లేదు. రిపోర్టు రానిద్దాం."

నేను గుండె నిండా ఊపిరి పీల్చుకుని డబ్బా విప్పాను. లోపల సముద్రం లేదు. వెలుతురు లేదు. పక్కనుండే ఆకుపచ్చ దీపం ఆరిపోయి ఉంది. గోడ కేసి చూశాను. పొద్దున ప్లగ్గు పెట్టాను, స్విచ్చి వెయ్యలేదు.

"ఎప్పుడాగిపోయింది ఇది?"

"పీత రాకముందే."

"చెప్పొచ్చు కదా అత్తయ్యా!"

"చెబితే స్విచ్చి కోసం పరుగెత్తేదానివి. అప్పుడు నా చెయ్యి ఎవరు పట్టుకుంటారు?" అంది ఆవిడ లేచి కూర్చుంటూ. "అయినా నీ చెయ్యి ఆకులా వణికిపోతోంది. ఎవరో ఒకరు కథ చెప్పొద్దూ?"

నేను కడగాల్సిన ట్రే అక్కడే వదిలేసి ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. డాక్టరమ్మ ఏదో రాసుకుంటున్నట్టు కాగితం మీదికి వంగింది. పెన్నుకి మూత అలాగే ఉంది.

రిపోర్టు వచ్చింది. క్యాన్సర్‌గా మారకముందే దొరికింది, చిన్న చికిత్సతో పోతుంది, ఆసుపత్రిలో పడుకోవాల్సిన పని కూడా లేదు. కుర్చీలో కూర్చుని అంతా విన్న మా అత్తగారు తల పంకించింది.

"సరే, నా సంగతి తేలింది. మరి దీని సంగతి?" అని నన్ను చూపించింది. "ఎనిమిదేళ్ల నుంచి ఇది ట్రేలు కడుగుతోంది, డాక్టరమ్మా."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "సిస్టర్, మీరు చేయించుకోలేదా?"

నేను ట్రే కోసం వెతికాను. అది అత్తగారి ఒళ్లో ఉంది.

బల్ల ఎక్కాను. అది ఎంత చల్లగా ఉంటుందో, పైకప్పు ఎంత ఎత్తుగా కనిపిస్తుందో ఆ రోజే తెలిసింది. ఇన్నాళ్లూ ఎవరెవరి మీద అరిచానో వాళ్లందరి మొహాలూ వరసగా గుర్తొచ్చాయి. అత్తగారు తల దగ్గరికి వచ్చి డబ్బా కట్టింది. స్విచ్చి ఈసారి తనే వేసిందట, దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది. ఇసుక, నీళ్లు, ఆకాశం, అన్నీ వచ్చాయి. నేనే డబ్బా పైకి తోసేశాను.

"వద్దత్తయ్యా. ఇందులో పీత లేదు."

ఆవిడ డబ్బా తీసి పక్కన పెట్టి, నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఎక్కడ ఆపాను?"

"సముద్రం చేరింది. వాళ్లమ్మ చెవి మెలేసింది."

"అది ఇంటర్వెల్లే" అంది మా అత్తగారు గొంతు సవరించుకుంటూ.