మైకత్త వంతు

మైకత్తకు రహస్యాలంటూ ఏమీ లేవు. దాచుకుందామన్నా ఆమె గొంతు దాచుకోనివ్వదు. పిల్లుల షెల్టర్ వంటగదిలో నిలబడి "ఉప్పు అయిపోయిందే" అని తనలో తాను అనుకుంటే చాలు, వీధి చివర దుకాణంవాడు పొట్లం కట్టి పెట్టేవాడు.

ముప్పయ్యేళ్ళు నేత మిల్లులో నలిగిన గొంతు అది. నాలుగు వందల మరమగ్గాలు ఒక్కసారిగా దడదడలాడే చోట పక్కమనిషికి మాట చేరాలంటే రెండే దారులు. ఒకటి, చెవిలో నోరు పెట్టి అరవడం. రెండోది, గొంతు కట్టిపెట్టి పెదవులు మాత్రం పెద్దగా కదపడం. మిల్లులో అందరికీ పెదవులు చదవడం వచ్చు. మిల్లు మానేసి ఈ షెల్టర్‌లో పనికి కుదిరి ఏడేళ్ళయినా మైకత్తకు అరుపు మిగిలింది. పెదవుల మాట మాత్రం చదివే దిక్కులేక మూలపడింది. ఒకసారి ఆపరేషన్ గది అద్దం బయటి నుంచి పిల్లుల డాక్టరుతో అలా మాట్లాడబోతే, ఆయన పని ఆపి తలుపు తీసి, "పన్ను నొప్పా అత్తా?" అని అడిగాడు.

ఇలాంటి మనిషి చేతికి వచ్చింది ఆ పిల్లి. పేరు అదిగో. దాన్ని చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ "అదిగో!" అనడం, పక్కవాళ్ళు తల తిప్పేలోగా అది మాయమవడం, అలా ఆ పేరే ఖాయమైపోయింది. వచ్చిన రోజే షెల్టర్ వెనక గదిలో ఉన్న ఇనుప అల్మారా అడుగు అరలోకి దూరింది. తలుపు నాలుగు వేళ్ళ సందు మిగిల్చి బిగుసుకుపోయిన పాత అల్మారా అది. పదకొండు నెలల పైన ఆ సందులోంచి మైకత్త చూసిందల్లా ఒక ముక్కు, ఒక చెవి. అవీ వేర్వేరు రోజుల్లో. దాని కార్డు మీద ఆమె నిజాయితీగా ఇలా రాసింది: "రంగు బూడిద, ముక్కు దగ్గర. తోక ఉండే ఉంటుంది."

రోజూ ఉడికించిన చేపముక్కలు పళ్ళెంలో పెట్టి, ఊపిరి బిగబట్టి బయటికి వచ్చేస్తే, పది నిమిషాలకు పళ్ళెం ఖాళీ. నోరు జారి "తినవే బంగారం" అందో, సాయంత్రం దాకా అది ముద్ద ముట్టదు. ఆ పిల్లి మీద లోకంలో అందరికన్నా ఎక్కువ ప్రేమ ఉన్నది మైకత్తకే. దానికి లోకంలో అందరికన్నా ఎక్కువ భయం ఉన్నదీ మైకత్త అంటేనే. ఈ సంగతి ఆమెకు బాగా తెలుసు. అందుకే ఇంటికి తీసుకుపోతానని ఒక్కసారీ అనలేదు.

షెల్టర్‌లో ఒక నియమం ఉంది. ఏడాది దాటినా ఇల్లు దొరకని పిల్లిని ఊరి బయట పెద్ద కేంద్రానికి పంపించాలి. అక్కడ ఒక్క రేకుల షెడ్డులో రెండు వందల పిల్లులు. ఒకసారి జాగా చాలక, మూతబుట్టలో చేప పెట్టి మభ్యపెట్టి, అదిగోను తొమ్మిది రోజులు అక్కడికి పంపారు. తొమ్మిది రోజులూ అది మెతుకు ముట్టలేదు. తిరిగొచ్చినప్పుడు బుట్టలో పిల్లి ఉందో లేదో తూచి చూడాల్సి వచ్చింది. "ఇంకోసారి పంపితే వెనక్కి రాదత్తా" అన్నాడు డాక్టరు. ఏడాది నిండేది ఈ శనివారం. వ్యాను వచ్చేది మధ్యాహ్నం పన్నెండింటికి.

ఇల్లు దొరక్క కాదు. పిల్లి కావాలని వచ్చేవాళ్ళకు కొదవ లేదు. కొదవంతా ఓర్పుకే. అందుకని మైకత్త, పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేని మైకత్త, ఓర్పు పరీక్ష కనిపెట్టింది. అల్మారా ఎదుట ఒక కుర్చీ. రోజుకో గంట, మూడు రోజులు. పిలవకూడదు, వంగి చూడకూడదు, గడియారం చూసుకోకూడదు. ఆమె తలుపు అద్దంలోంచి కనిపెడుతూ ఉంటుంది.

ఒక రిటైర్డ్ జడ్జిగారు కూర్చున్నారు. పద్నాలుగో నిమిషంలో "హాజరు కావడానికి ఇదే ఆఖరి అవకాశం" అని అల్మారాను హెచ్చరించారు. ఇరవయ్యో నిమిషంలో తీర్పు చెప్పి వెళ్ళిపోయారు. తీర్పు పిల్లికి వ్యతిరేకంగానే వచ్చింది. తరువాత కోపమంటే ఏమిటో ఎరగనని చెప్పుకునే ధ్యానం మాస్టరు వచ్చాడు. నలభయ్యో నిమిషం దాకా బొమ్మలా కూర్చున్నాడు. నలభై ఒకటో నిమిషంలో ముక్కు మీద దోమ కుట్టింది. అప్పుడు ఆయన నోట వెలువడిన మాటలు మైకత్త మిల్లులో కూడా విని ఎరగదు. కొత్త దంపతులు ఒకరి ఓర్పును ఒకరు పరీక్షించుకుని విడివిడిగా ఇళ్ళకు పోయారు.

"నువ్వు వెతుకుతున్నది మనిషిని కాదత్తా, బండరాయిని" అన్నాడు డాక్టరు.

"బండరాయి చేపలు ఉడకబెడుతుందా నాయనా? లేకపోతే దానికే ఇచ్చేద్దును" అంది మైకత్త. అల్మారాలో ఏదో దడాలున పడింది.

బుధవారం పొద్దున ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, చంకలో గొడుగు, చేతిలో గుడ్డసంచి. వరండాలో పురుగు కూడా లేదు. అయినా ఆయన గుమ్మానికి రెండడుగుల దూరంలో, ఎదుట ఎవరో ఉన్నట్టు నిలబడిపోయాడు. మైకత్త రెండుసార్లు నీళ్ళు మోసుకెళ్ళింది, ఆయన అలాగే ఉన్నాడు.

"ఏం కావాలండీ?"

ఇంత గొంతుకూ ఆయన ఉలిక్కిపడలేదు. "పిల్లి కోసం వచ్చానండీ. నా ముందు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు!"

"అయితే పిలుస్తారేమోనని" అన్నాడాయన వినయంగా.

కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన అల్మారా వంక చూడనే లేదు. సరిగ్గా ముందువాడి వీపు ఉండాల్సిన చోట చూపు నిలిపి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గంట గడిచింది. లేవమనడం మైకత్తే మరిచిపోయింది. రెండో గంట గడిచింది. గురువారం, అల్మారా సందులోంచి ఒక పాదం బయటికి వచ్చి నేలను తట్టి చూసింది. శుక్రవారం ముక్కూ చెవీ కలిసి ఒకేసారి వచ్చాయి. వచ్చి ఆయన చెప్పును వాసన చూశాయి. అద్దం వెనక మైకత్త రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నా చేతులు తీయలేదు.

గంట అయ్యాక ఆయన్ని ఆఫీసు గదిలోకి లాక్కుపోయి కాగితం ముందు పెట్టింది. "ఓర్పు" అన్న చోట తానే ఎర్ర సిరాతో "అమోఘం" అని రాసేసింది.

"ఇక్కడ సంతకం పెట్టండి!"

"సంతకం నాది కాదండీ" అన్నాడాయన. "నేను ఇంకొకావిడ తరఫున వచ్చాను. నా పని అదే. తీరిక లేనివాళ్ళ బదులు క్యూలో నిలబడతాను. కరెంటాఫీసు, ఆసుపత్రి, పాస్‌పోర్టు, ఏదైనా సరే. ఇక్కడ మూడు రోజులు కూర్చోవాలని తెలిసి ఆవిడ నన్ను పంపింది."

మైకత్త నోట మాట రాలేదు. ఏడేళ్ళలో అదే మొదటిసారి అని తరువాత డాక్టరు లెక్క తేల్చాడు. చేసిన తప్పు ఎవరిదో వేరే చెప్పాలా? మూడు రోజులు మనిషిని కళ్ళలో వత్తులేసుకుని చూసింది కానీ, ఎవరికోసం వచ్చావని ఒక్క ముక్క అడగలేదు. ఓర్పు ఒకరిది, ఇల్లు ఇంకొకరిది. అంతలో ఆయన జేబులో ఫోను మోగింది. విని, తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

"ఆవిడకు పిల్లి వద్దటండీ. ఆలస్యమవుతోందని నిన్ననే పెంచుకోవడానికి రంగుచేపలు కొనేసుకుందట."

"అయితే నువ్వే తీసుకుపో తమ్ముడూ! నీ చెప్పు వాసన చూసింది అది!"

ఆయన ముఖం చిన్నబోయింది. "నాకోసం నేను నిలబడటం చేతకాదక్కా. ఒకసారి నా సొంత రేషన్ కార్డు కోసం క్యూలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. అలవాటు చొప్పున అసలు మనిషి కోసం వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. పక్కకు తప్పుకుని వెనకవాళ్ళను పోనిచ్చాను. ఇంతలో ఆఫీసు మూసేశారు. ఆ కార్డు ఇప్పటికీ లేదు. సాయంత్రం గదికి పోయినా ఏం చేయాలో తోచదు. చీకటి పడేదాకా పార్కు బెంచీ మీద కూర్చుంటాను."

నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మైకత్త ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. వీధి వీధంతా ఎవరికో బాగాలేదేమో అనుకుంది.

శనివారం పదిన్నరకు ఆమెకు బుర్రలో దీపం వెలిగింది. ఆయన ఆ రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉంటాడని పక్క టీ కొట్టువాడు చెప్పాడు. పరుగున వెళ్ళింది. హాలు నిండా మూడు వందల మంది, అన్నీ వీపులే.

"ఓ క్యూ తమ్ముడూ!"

మూడు వందల తలలూ వెనక్కి తిరిగాయి. కౌంటర్లో గుమాస్తా చేతిలోని ముద్ర పడకూడని చోట పడింది. ఆయన దొరికాడు. ముందు నలభై ఒక్క మంది ఉన్నారు.

"నీకు నేను పని చెబుతున్నా! నా తరఫున నిలబడతావా?"

"ఏ కౌంటరక్కా?"

"అల్మారా నీ గదికే పంపిస్తా, దాని ముందు! అది బయటికొచ్చి మనిషి ఒళ్ళో కూర్చునేదాకా! ఆ వంతు నాది, నాకోసం నువ్వు కనిపెట్టుకుని ఉండాలి!"

ఆయన కాసేపు ఆలోచించాడు. వృత్తి ధర్మానికి విరుద్ధంగా ఏమీ కనబడలేదు. "ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేమక్కా."

"ఎన్నాళ్ళయినా!"

"సరే, ఒప్పుకున్నాను. ముందు ఈ పని పూర్తి కానివ్వండి."

"పన్నెండింటికి వ్యాను వస్తోంది తమ్ముడూ!" అని మైకత్త మొదలుపెట్టి, రేకుల షెడ్డు గురించి, తొమ్మిది రోజుల ఉపవాసం గురించి, ఆ చెవి గురించి, ముక్కు గురించి హాలంతటికీ చెప్పుకొచ్చింది. జాలికి కొందరు, చెవులు చిల్లులు పడి ఎక్కువమంది, నలభై ఒక్క మందీ పక్కకు తప్పుకున్నారు. వాళ్ళంతట వాళ్ళే దారి ఇచ్చినప్పుడు నడిస్తే తప్పు లేదని ఆయన ముందుకు నడిచాడు.

పన్నెండింటికి వ్యాను రానే వచ్చింది. ఒకసారి మోసపోయిన అదిగో మళ్ళీ బుట్టలోకి వస్తుందా? అల్మారాకు తాళ్ళు చుట్టి, పిల్లితో, పాత ఫైళ్ళతో సహా వ్యానులోకి ఎక్కించారు. డ్రైవరు చేతిలోని కాగితంలో "ఒక పిల్లిని తరలించవలెను" అని ఉంది. ఎక్కడికో రాయలేదు. డాక్టరు ఆ సంగతి వేలు పెట్టి చూపించి, క్యూ తమ్ముడి గది చిరునామా చెప్పాడు. షెల్టర్ కాగితం మీద సంతకం దగ్గర మాత్రం చిక్కొచ్చింది. క్యూ తమ్ముడు సంతకం చేసి, కింద "మైకత్త తరఫున" అని రాశాడు. మరోలా రాయడం తనకు రాదన్నాడు.

మైకత్త ఆ గదికి వెళ్ళలేదు. వెళ్తే మాట్లాడుతుంది, మాట్లాడితే అంతా మొదటికొస్తుంది. నెలకోసారి ఆయనే ఫోను చేసేవాడు. "కదులుతోందక్కా" అనేవాడు. ఆఫీసులు మూసేయగానే పార్కుకు పోకుండా తిన్నగా గదికి పోతున్నాడని, తలుపు తీసే ముందు గొడుగు చప్పుడు కాకుండా పట్టుకుంటున్నాడని ఆమెకు అలాగే తెలిసింది. షెల్టర్‌లో ఖాళీ అయిన ఆ మూలను ఆమె రోజూ ఊడ్చేది. రెండోసారి కూడా ఊడ్చేది. బెంగ పెట్టుకుంది మరి.

ఏడో నెలలో ఫోను వచ్చింది.

"మీ వంతు వచ్చిందక్కా."

సందులో కింది వాటా గది అది. మైకత్త తలుపు దాకా పోయి ఆగిపోయింది. తట్టడానికి భయం, పిలవడానికి భయం. పక్కకు జరిగి కిటికీ అద్దంలోంచి చూసింది. కుర్చీలో క్యూ తమ్ముడు, ఆయన ఒళ్ళో మొత్తం పిల్లి. ముక్కూ చెవులే కాదు, నాలుగు కాళ్ళూ ఉన్నాయి. తోక కూడా ఉంది. దాని కొస తెల్లగా ఉంది. ఏడాది చాకిరీ చేసిన మనిషికి ఈ తెలుపు ఒకటుందని తెలియదు.

ఆమెకు గుండెల్లోంచి అరుపు తన్నుకొచ్చింది. వస్తూ వస్తూ, ఏడేళ్ళుగా మూలపడ్డ పాత దారి పట్టింది. గొంతు ఊరుకుని పెదవులు మాత్రం పెద్దగా కదిలాయి. "ఎలా ఉందిరా అది?"

క్యూ తమ్ముడు అద్దం వంక చూశాడు. పాతికేళ్ళు కౌంటర్ అద్దాల అవతల వినబడని గుమాస్తాల పెదవులు చదివిన మనిషి ఆయన. చప్పుడు లేకుండా తనూ పెదవులు కదిపాడు. "కులాసాగా ఉంది. లోపలికి రండి. మీ ముందు ఎవరూ లేరు."

చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చింది. ఆయన పిల్లిని మెల్లగా దించి, కుర్చీ ఖాళీ చేసి పక్కకు తప్పుకున్నాడు. మైకత్త కూర్చుంది. అదిగో మంచం కిందికి పోయింది. పాలు పొంగేదాకా నిలబడలేని మనిషి గంటసేపు కదలకుండా కూర్చుంది. తరువాత మంచం కింద నుంచి ముక్కు వచ్చింది, చెవులు వచ్చాయి, తెల్ల కొస తోక వచ్చింది. అదిగో ఆమె పాదం వాసన చూసింది. ఎగిరి ఒళ్ళో కూర్చుంది.

"అదిగో" అంది మైకత్త, పెదవులతోనే. పిల్లి పారిపోలేదు.

అలా ఎంతసేపు గడిచిందో ఆమె చూసుకోలేదు. వెనక ఎవరో ఉన్నట్టనిపించి తల తిప్పింది. క్యూ తమ్ముడు కుర్చీకి రెండడుగుల దూరంలో, గొడుగు చంకన పెట్టుకుని, ఆమె వీపు మీద చూపు నిలిపి నిలబడి ఉన్నాడు.

"ఎవరి తరఫున తమ్ముడూ?" అని అడిగింది పెదవులతో.

ఆయన అలవాటు చొప్పున వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగాడు.

"నా తరఫునేనక్కా" అన్నాడు. "మీ పని అయ్యాక చెప్పండి, నేనుంటాను."