పిలవడం రాని దొర

నేను ఒక కుర్చీని. అలాగని భోజనాల బల్ల ముందు వేసుకుని తిని లేచిపోయే రకం అనుకునేరు, ఊరుకోను. నన్ను ఒక కవి కోసం చేశారు. ఒకే ఒక్క మధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా, ఒకే ఒక్క కవి కూర్చోవాలని చేశారు. నా ఒళ్లంతా ఓకు చెక్క, చేతుల చివర రెండు డ్రాగన్ తలలు, కడుపునిండా కోపం. చెక్కకు పురుగు పట్టింది గానీ కోపానికి పట్టలేదు.

విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిందని ఊరూరా జెండాలు కట్టిన రెండేళ్లకు, ఉత్తర వేల్స్‌లోని ఒక పలకల ఊళ్లో పుట్టాను. కొండను తొలిచి, రాతిని పొరలు పొరలుగా చీల్చి, లోకంలోని ఇళ్లకు పైకప్పులూ బడిపిల్లలకు పలకలూ పంపే ఊరది. కద్వలాదర్ అనే వడ్రంగి చలికాలమంతా నా మీద వంగి, తన తిండి తాను మరిచి నన్ను చెక్కాడు.

అక్కడ ఏటా ఐస్టెద్వోద్ అని ఒక పండుగ జరుగుతుంది. ఆ మాటకు మూలమే ‘కూర్చోవడం’. రాజుల కోసం కాదు, గుర్రప్పందేల కోసం కాదు, పద్యాల కోసం గనికూలీలు మంచి కోటు తొడుక్కుని వచ్చే పండుగ! మీకు యతిప్రాసలున్నట్టే వాళ్లకూ ఉన్నాయి, ఇంకాస్త పీకల మీదికి తెచ్చేవి. పోటీకి పంపే పద్యం మీద అసలు పేరు రాయకూడదు. ఒక మారుపేరు పెట్టుకోవాలి, అసలు పేరు వేరే కవరులో పెట్టి సీలు వేయాలి. ఆ రోజు వేదిక మీంచి మారుపేరును మూడుసార్లు పిలుస్తారు. అది ఎవరిదో వాళ్లు జనంలోంచి లేచి నిలబడాలి. అప్పటిదాకా పక్కింటివాడికి కూడా తెలియదు.

ఆ ఏడు గెలిచినవాడు ఇథెల్. పన్నెండో ఏట నుంచి నలభై ఏళ్లు పలకలు చీల్చిన మనిషి. ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. మళ్లీ పండుగ చూడవులే అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. మధ్యాహ్నం రొట్టె తినే వేళ విరిగిన పలకముక్కల మీద గీకిన పాదాలను అతని భార్య లౌరి ఇంట్లో కాగితం మీదికి ఎక్కించింది. ‘హ్లూఖ్ ఎ హ్లెఖి’ అని పేరు పెట్టుకున్నాడు. పలకల దుమ్ము అని అర్థం. చచ్చేలోగా ఆ పేరు వేదిక మీంచి వినాలి, లేచి నిలబడాలి, నాలో కూర్చోవాలి. అతను లోకాన్ని అడిగింది అంతే!

ఆ ‘హ్లూ’ అనడానికి నాలుక కొన పైపళ్ల వెనక ఆనించి పక్కల నుంచి గాలి ఊదాలి. వెల్షు తల్లి కడుపున పుట్టిన చంటిపిల్ల కూడా అంటుంది. కానీ ఆ ఏడు పేరు పిలిచే మర్యాద కమిటీవాళ్లు ఎవరికిచ్చారు? దొరకి! ఆ లోయ అంతా ఆయనదే, గుడారం వేసిన మైదానం ఆయనదే. వెల్షు మాత్రం ఒక్క ముక్క రాదు.

దొర ముందు గంటన్నర ఉపన్యసించాడు, ఇంగ్లీషులో. మీ భాష చెవికి ఇంపుగా ఉంటుంది, ఇంట్లో పాడుకోండి, పైకి రావాలంటే మాత్రం దాన్ని వదిలేయండి అన్నాడు. సగం మందికి అర్థం కాలేదు, చప్పట్లు మాత్రం అందరూ కొట్టారు. ఏం జనమండీ! చెంపదెబ్బకు కూడా చప్పట్లే. దాంతో వేళ మించిపోయి, పద్యాల మీద వెల్షులో చదవాల్సిన తీర్పును పక్కన పడేశారు. దొర చీటీ అందుకుని, కళ్లజోడు సర్దుకుని పిలిచాడు.

“ల్విచ్ వై లెచీ!”

మూడో బెంచీలో ఇథెల్ దగ్గు రాకుండా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, చెవులు రిక్కించి కూర్చున్నాడు.

“ఎవరే ఈ ల్విచ్చి?” అని భార్యను అడిగాడు.

“ఏమో, ఇంగ్లండు నుంచి ఎవరో పంపినట్టున్నారు. మన పద్యం పోయినట్టేనయ్యా” అంది లౌరి.

దొర రెండోసారీ అదే కూత కూశాడు. నా వెనకే పాస్టరుగారు ఉన్నారు. పద్యాలు దిద్దింది ఆయనే, చీటీ రాసింది ఆయనే. ఆయన చెయ్యి దొర కోటు దాకా వెళ్లింది, మళ్లీ తిరిగొచ్చి తన గడ్డమే దువ్వుకుంది. చాపెల్ ఉన్న స్థలం దొరదని ఆ చేతికి గుర్తొచ్చింది కాబోలు. దేవుడి మాట చెప్పే నోటికి దొర తప్పు చెప్పడానికి ధైర్యం చాలలేదు.

మూడోసారి పిలిచాడు. ఎవరూ లేవలేదు.

“అయ్యో పాపం, ఆ గెలిచినాయనకి ఒంట్లో బాలేదేమో” అన్నాడు ఇథెల్. వేదిక మీద నా పక్కనే నిలబడ్డ ఆ మూర్ఖపు దొరను మింగేద్దామా అన్నంత మండింది నాకు!

మూడు పిలుపులకు లేవనివాడికి కుర్చీ లేదన్నారు కమిటీవాళ్లు. నన్ను బండెక్కించి దొరగారి బంగళాకు కానుకగా పంపారు. వారం తర్వాత కవరు విప్పి చూసి నాలుక కరుచుకున్నారు. ఏం లాభం? నా వీపున దొర పేరుతో ఇత్తడి రేకు అప్పటికే బిగించేశారు. నా మీద టోపీలు పెట్టేవాళ్లు, తడి గొడుగులు ఆనించేవాళ్లు.

ఒకరోజు పాస్టరుగారు ఇథెల్‌నీ లౌరినీ బంగళాకు తీసుకొచ్చారు. నిజం చెప్పాలి, దొర కసురుకోలేదు. నవ్వుతూ నన్ను చూపించాడు.

“ఎంతసేపైనా కూర్చోమంటున్నారు దొరగారు” అన్నారు పాస్టరుగారు.

“కూర్చోమనడం వేరు, పిలవడం వేరు పాస్టరుగారూ. నా పేరు పెట్టి పిలవమనండి” అన్నాడు ఇథెల్.

దొరకు సరదా వేసింది. మళ్లీ ‘ల్విచ్’ అన్నాడు. ఇథెల్ దగ్గరికి వెళ్లి, నోరు తెరిచి, చంటివాడికి చూపించినట్టు నాలుక ఎక్కడ పెట్టాలో చూపించాడు. “హ్లూ...” అని ఊదాడు. ఊదేసరికి దగ్గు తెర ముంచుకొచ్చి గోడ పట్టుకున్నాడు. దొర రెండడుగులు వెనక్కి వేసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

“ఏమంటాడు?” అంది లౌరి.

పాస్టరుగారు నేల చూపులు చూశారు.

“నువ్వు చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది. ఈ ఇంటి మీద కప్పిన పలకలు మా ఆయన చీల్చినవి. అవి నెత్తిన మోస్తున్న పెద్దమనిషికి మా ఆయన పేరొక్కటే బరువైందా? ఛీ!” అంది లౌరి.

ఇథెల్ నా డ్రాగన్ తల మీద ఒకసారి చెయ్యి వేశాడు. కూర్చోవయ్యా బాబూ, నీ కోసమే పుట్టానయ్యా అని అరవాలనిపించింది. అతను కూర్చోలేదు. భార్య భుజం పట్టుకుని మెట్లు దిగిపోయాడు. అప్పుడు అతని మీద కూడా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే అతను చేసిందే సబబు. ఆ చలికాలంలోనే పోయాడు.

దొరలు పోయారు, బంగళా అమ్ముడైంది, నేను ఈ మ్యూజియంలో చేరాను. తాడు కట్టి, దీపం పెట్టి, రోజూ దుమ్ము తుడుస్తారు, ఆ మర్యాదకేం లోటు లేదు. నా పాదాల దగ్గర ఒక అట్టముక్క ఉంది. బడిపిల్లలు వచ్చి దాన్ని పైకి చదువుతారు: ‘ఆ ఏటి విజేత సభకు హాజరు కాలేదు.’

హాజరు కాలేదట! రొమ్ములో రాయి మోసుకుంటూ మూడు మైళ్లు నడిచి వచ్చాడు. మూడో బెంచీలో భార్య పక్కన కూర్చున్నాడు. చివరి పిలుపు దాకా కదల్లేదు. ఆ అట్ట పీకి పారేయండి. పిలవడం మాకు చేతకాలేదు అని రాయండి.