గాలి అక్కర్లేని ప్రాణులు

గాలి లేని చోట కూడా బతికే సూక్ష్మజీవుల మీద స్టెఫీ పరిశోధన చేస్తోంది. గురుగ్రహపు చంద్రుడు యూరోపా మీద, మంచు కింద ప్రాణమంటూ ఉంటే అది ఇలాంటిదే కావచ్చని ఆమె నమ్మకం. ఆ జీవుల కోసమే జూన్ మొదటివారంలో ఒక ఉదయం ఫిషింగ్ హార్బర్‌కి వచ్చింది. వేట నిషేధంతో ఏడు వారాలుగా కట్టేసి ఉన్న ఒక బోటు ఎక్కింది. చేపలు దాచే అడుగు గదిలో నిలిచిన కుళ్ళునీరు ఒక్క సీసాడు కావాలంది.

బోటు డ్రైవర్ నూకాలు నవ్వాడు. "ఆ కంపులో ఏటుంటాది మేడమ్? ఉండండి, నాను తెత్తాను."

మూత తీసి నిచ్చెన దిగాడు. కుళ్ళిన గుడ్ల వాసన గుప్పుమంది.

"బాబాయ్, పైకొచ్చేయ్! మాస్కు లేకుండా వద్దు!" అని స్టెఫీ అరిచింది.

"ఇప్పుడు ఏ వాసనా లేదు మేడమ్."

స్టెఫీకి విషయం అర్థమైంది. ఆ జీవులు వదిలే విషవాయువు ఎక్కువైతే ముందు ముక్కుకి వాసన తెలియడం మానేస్తుంది. ఆ తర్వాత ఊపిరే ఆగిపోతుంది. కింద దబ్బుమని చప్పుడైంది.

"బావా!" వల బాగుచేస్తున్న ఎర్రయ్య పరుగెత్తుకొచ్చి లోపలికి కాలు పెట్టాడు. నూకాలు చెల్లెలి మొగుడతను. స్టెఫీ అతని చొక్కా పట్టి వెనక్కి గుంజింది.

"వదలండి! సచ్చిపోతాడు!"

"దిగితే నువ్వూ పోతావ్! కొక్కెం కర్ర తే! రెండో మూత తియ్, లోపలికి గాలి రావాలి!"

ఊపిరి బిగబట్టి బోర్లా పడుకుని కర్ర దించింది. మొదటిసారి కొక్కెం జారిపోయింది. దేవుణ్ణి తలుచుకోబోతే ఒక్క మాటా గుర్తురాలేదు. రెండోసారి బెల్టుకి తగులుకుంది. ఇద్దరూ పైకి లాగి, అతన్ని గట్టు మీదకి మోసి పడుకోబెట్టారు. పెదాలు నీలంగా ఉన్నాయి. అతని ఛాతీ మీద ఆమె నొక్కుతూనే ఉంది. చివరికి నూకాలు దగ్గాడు.

అంబులెన్స్ నూకాలుని తీసుకెళ్ళింది. తను అడగబట్టే కదా అతను దిగాడు. తలెత్తి చూస్తే ఎదురుగా వరసగా బోట్లు. నిషేధం ముగిసే లోపు ప్రతి గదీ ఎవరో ఒకరు దిగి కడగాలి.

"ఎర్రయ్యా, పద. అందరికీ చెప్పాలి."

మూడో బోటు మీద మూత అప్పటికే తీసి ఉంది. ఇంతలో ఆ మూత వెనకనుంచి ఒక ముసలాయన లేచాడు, చేతిలో ఖాళీ బకెట్‌తో. లోపలికి దిగబోతున్నాడు.

ఆమె పరుగెత్తి ఆ బకెట్ లాక్కుంది.