ఎడమవైపు ఖాళీ

"నువ్వు మాట్లాడేటప్పుడు టీవీ సౌండ్ తీసేస్తున్నాను, ఏమీ అనుకోకు" అన్నాడు మా ఆయన. అప్పుడు నేను ఆయన చొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తున్నాను.

వెళ్తూ వెళ్తూ వంటింట్లో లైటు ఆర్పేశాను అన్నంత మామూలుగా చెప్పాడు. మ్యాచ్ ఉన్న రోజు ఆయన ఆఫీసు స్నేహితులు మా ఇంటికే వస్తారు. వాళ్ళు చూసే మ్యాచ్‌కే నేను ఛానెల్ స్టూడియోలో కూర్చుని విశ్లేషణ చెబుతాను. తెర మీద నా ముఖం కనబడగానే వాళ్ళలో ఒకడు "మేడమ్ వచ్చారు, అందరూ పుస్తకాలు తీయండిరా" అంటాడట. మిగతావాళ్ళు నవ్వుతారట. అది వినలేక ఈయన రిమోట్ అందుకుంటాడట. "నీ కోసమే చేస్తున్నాను. వాళ్ళు నిన్ను అంటుంటే నాకు బాధగా ఉండదూ?" అన్నాడు. నిజమే, పాపం. నలుగురు మగవాళ్ళ నోళ్ళు మూయించడం కంటే పెళ్ళాం నోరు మూయించడం తేలిక, దానికి ఒక బొత్తాం చాలు. చొక్కా హేంగర్‌కి తగిలించి రెండోది తీసుకున్నాను. ఆ మధ్యాహ్నం మళ్ళీ మ్యాచ్ ఉంది. స్టూడియోకి వెళ్ళి, పోయిన వారం అన్న మాటకి దేశమంతా చూస్తుండగా సారీ చెప్పాలా వద్దా అన్నదే నా బుర్రలో తిరుగుతోంది.

నేను ఏళ్ళ తరబడి దేశ జట్టుకి గోల్‌కీపర్‌గా ఆడాను. ఆడవాళ్ళ జట్టు. ఆ ముక్క నేను కలపకపోతే ఎదుటివాళ్ళు కలుపుతారు. మగవాళ్ళ ఫుట్‌బాల్‌ని మాత్రం ఎవరూ మగవాళ్ళ ఫుట్‌బాల్ అనరు, ఫుట్‌బాల్ అంటారు, అంతే. ఆట మానేశాక ఆ ఉత్త ఫుట్‌బాల్ గురించి మాట్లాడటానికి ఛానెల్ వాళ్ళు నన్ను పిలిచారు. స్టూడియోలో ముగ్గురం ఉంటాం. ఒకడు యాంకర్. ఇంకొకాయన మగవాళ్ళ జట్టుకి పాత కెప్టెన్. ఆట మానేసి ఎంత కాలమైనా గేటు దగ్గర వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ ఆయన్ని ఇప్పటికీ కెప్టెన్ గారూ అనే పిలుస్తారు. మూడో కుర్చీ నాది. పక్కన మనిషెత్తు తెర ఒకటి ఉంటుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆటని ఆపి, దాని మీద పెన్నుతో గీతలు గీసి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎక్కడ నిలబడాల్సిందో చూపించవచ్చు. నాకు ఈ ఉద్యోగంలో ఇష్టమైనది ఆ తెరే. మొదట్లో ఆ పెన్ను కెప్టెన్ గారి చేతిలోంచి కదిలేది కాదు. ఆయన్ని యాంకర్ "ఎందుకలా జరిగింది?" అని అడిగేవాడు. నా వైపు తిరిగి "మీకెలా అనిపిస్తోంది?" అనేవాడు. అడిగీ అడిగీ, చివరికి ఈ ఏడే ఆట మధ్య విరామంలో పెన్ను నా చేతికొచ్చింది.

పోయిన వారం అదే పెన్నుతో ఒక మాట చెప్పాను. అవతలి జట్టు గోల్‌కీపర్ తన ఎడమవైపు ఆలస్యంగా దూకుతాడు, పెనాల్టీ వస్తే అటే కొట్టాలి అన్నాను. ఆట చివర్లో నిజంగానే పెనాల్టీ వచ్చింది. అటే కొట్టారు. అతను అటే దూకి, బంతిని పిల్లిపిల్లని పట్టుకున్నంత సుతారంగా పట్టుకున్నాడు. అంతే, నేను మాట్లాడిన ముక్క, అతను దూకిన ముక్క కలిపి ఎవడో అతికించాడు. సాయంత్రానికల్లా అది అందరి ఫోన్లలోనూ ఉంది. కింద రాసిన వాటిలో చెప్పదగ్గది ఒక్కటే, వంట చూసుకో అన్నది. అదే రోజు కెప్టెన్ గారు ఆ పెనాల్టీ పోగొట్టుకుని ఓడిన జట్టే రెండు గోల్స్ తేడాతో గెలుస్తుందని చెప్పారు. ఆ ముక్కని ఎవరూ అతికించలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా పెద్దలు.

మా అత్తయ్య మాత్రం ప్రేమగానే చెప్పింది. "పోనీలే అమ్మాయ్, బాధపడకు. ముందు మగవాళ్ళని చెప్పనిచ్చి, ఆ తర్వాత నువ్వూ అదే అంటే ఏ గొడవా ఉండదు కదా" అంది. ఆవిడ ఈ ఇంట్లో నెట్టుకొచ్చింది ఆ కిటుకుతోనే, దాన్ని నాకు ఇవ్వాలనుకుంది. మా బాస్ పిలిచి ఇంకా మెత్తగా చెప్పాడు. "వచ్చే మ్యాచ్ మొదట్లో నవ్వుతూ ఒక చిన్న సారీ చెప్పేయండి. జనం కరిగిపోతారు. తర్వాత కొన్నాళ్ళు మీరు ప్రేక్షకుల సందేశాలు చదవండి, తెర సంగతి కెప్టెన్ గారు చూసుకుంటారు." చెప్పనంటే ఏమవుతుందని అడిగాను. "మీ ఇష్టం. వచ్చే ఏడాది మాట వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. అంటే కుర్చీ కావాలంటే పెన్ను వదులుకోవాలి. పెన్ను కావాలంటే రెండూ పోవచ్చు.

ఆ వారమంతా ఆ పెనాల్టీని చూస్తూనే ఉన్నాను. గిన్నెలు తోముతూ, ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, తడి వేలితో వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ చూశాను. చూసేకొద్దీ నా కోపం జనం మీద నుంచి నా మీదకి మళ్ళింది. నేను చెప్పింది అబద్ధం కాదు, అతను ఎడమవైపు ఆలస్యంగానే దూకుతాడు. మరి ఈసారి ముందే ఎలా దూకాడు? చూడగా చూడగా అతని పాదాల దగ్గర దొరికింది. బంతి తన్నేముందు అతను గీత మీద కొంచెం కుడికి జరిగి నిలబడ్డాడు. ఎడమవైపు కావాలనే ఖాళీ వదిలాడు. తన లోటు అందరికీ తెలుసని అతనికి తెలుసు. అందుకే దాన్నే ఎరగా వేశాడు. నాకు సిగ్గేసింది. నేను పొట్టిదాన్ని, పై మూలలు నాకు అందవని అన్ని జట్లకీ తెలుసు. వాళ్ళని అటు కొట్టేలా చెయ్యడానికి నేనూ ముందుకొచ్చి నిలబడి, ఆఖరి క్షణంలో వెనక్కి పరిగెత్తేదాన్ని. అలా బతికినదాన్ని అయ్యుండి, ఎదుటి గోల్‌కీపర్‌కి తన గురించి తనకి తెలియదనుకున్నాను. ఆ తప్పు ఎవరైనా చేయొచ్చు, గోల్‌కీపర్ చేయకూడదు. అది దొరికాక మాత్రం కుళాయి కట్టేసి, తడి చేతులతోనే కాసేపు అలా నిలబడ్డాను. చాలా సంతోషంగా అనిపించింది. ఇంత అందమైన సంగతి చూసి సారీ అని ఊరుకోవడం ఎలా కుదురుతుంది?

చొక్కాలు అయిపోయాయి. స్టూడియోకి వెళ్ళాను. మేకప్ చేసే అమ్మాయి నా బుగ్గలకి పౌడర్ అద్దుతూ "భయపడకండి మేడమ్, నవ్వేస్తే అయిపోతుంది" అంది. ఆమెకీ తెలుసన్నమాట. చెవిలో చిన్న స్పీకరు పెట్టారు. అందులోంచి లోపలి గదిలో ఉన్న డైరెక్టర్ మాట్లాడుతుంటాడు. కెమెరాలు వెలిగాయి. యాంకర్ తెల్లగా నవ్వి, "ఇవాళ కూడా ఆ గోల్‌కీపరే ఆడుతున్నాడు. అతని గురించి మన మేడమ్ ముందుగా ఒక మాట చెప్పాలనుకుంటున్నారు" అన్నాడు. చెవిలో డైరెక్టర్ "నవ్వండి" అన్నాడు.

నేను లేచాను. తెర దగ్గరికి వెళ్ళి, అక్కడున్న పెన్ను తీసుకున్నాను.

"పోయిన వారం నేను చెప్పింది తప్పు" అన్నాను. "ఎందుకు తప్పో చూపిస్తాను."

"సారీ, సారీ అనండి" అన్నాడు డైరెక్టర్. చెవిలో జోరీగలా ఆ మాట తిరుగుతూనే ఉంది. నేను ఆట ఆపి, గోల్‌కీపర్ పాదాల చుట్టూ గీత గీశాను. పెన్ను పట్టుకున్న నా చెయ్యి తెరనిండా కనిపించింది. రెండుసార్లు విరిగి వంకరగా అతుక్కున్న చిటికెన వేలు కూడా. పెళ్ళైన కొత్తలో మా అత్తయ్య చుట్టాల ముందు ఆ చెయ్యి ఒళ్ళో దాచుకోమనేది. ఇవాళ దాచలేదు. ఇతను ఇక్కడ నిలబడ్డాడు, గోల్ మధ్య ఇక్కడ ఉంది, ఈ ఖాళీ ఎవరు వదిలారు, ఎవరి కోసం వదిలారు అని ఒక్కొక్కటే చూపించాను. అతని బలహీనత నేను చూశాననీ, దాన్ని అతను ఏం చేసుకున్నాడో చూడలేదనీ చెప్పాను. ఇవాళ అతను అదే పని చేస్తే ఏం గమనించాలో కూడా చెప్పాను. ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు కానీ, చెవిలో సారీ ఆగిపోయింది. కాసేపటికి డైరెక్టర్ గొంతు మెల్లగా, "రెండో కెమెరా మీ మీదే ఉంది, కానివ్వండి" అంది.

చెప్పాల్సింది అయిపోయింది. అప్పుడు తట్టింది అసలు మాట. కెప్టెన్ గారి వైపు తిరిగి పెన్ను చాపాను.

"కెప్టెన్ గారూ, పోయిన వారం రెండు గోల్స్ తేడాతో గెలుస్తారని మీరన్నారు. ఏం చూసి అలా అన్నారో, ఎక్కడ తేడా వచ్చిందో మీరూ కొంచెం చూపిస్తారా?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు, నాతో ఎప్పుడూ మర్యాద తప్పలేదు, పైగా అబద్ధం ఆడటం చేతకాదు. పెన్ను వైపు చూశాడు, తెర వైపు చూశాడు, చిన్నగా నవ్వాడు.

"చూపించడానికి అందులో ఏముందమ్మా? ఊరికే అన్నాను."

యాంకర్ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఊరికే అన్నాడట. ఇన్నేళ్ళూ ఆయన ఊరికే అన్న మాటల పక్కన నా మాటలు తేలిపోకూడదని రాత్రింబవళ్ళు పాత ఆటలు చూశాను. నోరు తెరిచే ముందు ప్రతి మాటనీ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుకున్నాను. వాళ్ళు ముందున్నారు, నేను వెనకపడ్డాను, ఎలాగైనా అందుకోవాలి అని పరిగెత్తాను. తీరా చూస్తే నా ముందు ఎవరూ లేరు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఏ మ్యాచ్ గెలిచినప్పుడూ అంత గర్వంగా అనిపించలేదు.

చాపిన పెన్ను వెనక్కి తీసుకున్నాను.

"పర్లేదండీ, మీ తేడా ఎక్కడొచ్చిందో నేను చూపిస్తాను" అని, తెర వైపు తిరిగాను.