పది దాటాక లింగంపల్లి బండి

రుక్మిణమ్మకు ఆ రైలెక్కాలన్న సరదా ఐదేళ్లనాటిది. ఫలక్‌నుమా నుంచి ఎంఎంటీఎస్ నడవడం మొదలైన దగ్గర్నుంచీ శ్రీహరిరావు అందులోనే ఆఫీసుకు వెళ్లొచ్చాడు. కిటికీ పక్క సీటులో రోజూ తనకోసం రుమాలు వేసి ఉంచుతారనీ, అదంతా తన మీద గౌరవమనీ శాలిబండ ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పుకునేవాడు. ఒక్కసారి నన్నూ తిప్పండి అని భార్య అడిగితే, రిటైరయ్యాక చూద్దామనేవాడు. రిటైరై నెలయింది. ఇక తప్పించుకోలేకపోయాడు.

"పది దాటాక వెళ్దాం. రద్దీ ఉండదు," అన్నాడు.

ఆవిడ వెంకటగిరి చీర కట్టుకుంది. లింగంపల్లి దాకా వెళ్లి, ఊరికే తిరిగొచ్చేయడం, అంతే పని.

పెట్టె ఎక్కగానే కిటికీ దగ్గర్నుంచి ఒకాయన లేచాడు. "అరె, రావు సార్! నెల దాటె గద సార్ మిమ్మల్ని చూడక! ఇగో, మీ సీటు."

సీమోను. రోజూ రుమాలు వేసేది ఇతనే. ఈ వారం డ్యూటీ వేళ మారిందట. పక్కనే ప్రేమ్‌రాజ్, చందానగర్‌లో ఏదో స్కూల్లో అటెండరు.

శ్రీహరిరావు కూర్చోకుండా తలుపుకేసి తిరిగాడు.

"మేడమ్‌కు ఎట్లుంది సార్? లేసి కూసుంటున్నదా?" అన్నాడు సీమోను.

రుక్మిణమ్మ నవ్వబోయి ఆగింది.

"అలాగే ఉందయ్యా. మంచం మీదే," అన్నాడు శ్రీహరిరావు.

"మరి ఈ అమ్మ?"

"మా వంటావిడ. లింగంపల్లిలో వాళ్లక్క ఇంట్లో దింపుదామని."

రైలు కదిలింది. ప్రేమ్‌రాజ్ ఆవిడకేసి తిరిగాడు. "సార్ దేవుడమ్మా. రాత్రంతా మేడమ్‌కు పక్కలు మార్చుడు, చెంచాతోని జావ తాపుడు, పొద్దుగాల్నే డ్యూటీకి ఉరుకుడు. పాపం, గింత కునుకు తీస్తడని మేమే సీటు ఆపుతుంటిమి."

నిజానికి మంచాన పడింది అత్తగారు, పోయేదాకా మూడేళ్లు. పక్కలు మార్చిందీ, జావ తాగించిందీ రుక్మిణమ్మ. ఆ గది గడప తొక్కని మనిషి ఇప్పుడు చేతిగడియారం చూసుకుంటున్నాడు.

"ఇయ్యాల మేడమ్ దగ్గర ఎవరున్నరమ్మా?" సీమోను ఆవిణ్ణే అడిగాడు.

"ఎవరూ లేరు బాబూ. ఆవిడ పోయి ఇరవై రోజులైంది. సారు నోటితో చెప్పలేకపోతున్నారు."

అని భర్త ముఖంలోకి చూసింది. ఒక్క మాట చాలు. ఈవిడే నా భార్య అంటే, తక్కినదంతా నవ్వులాటగా తనే సర్దేస్తుంది. ఉప్పుగూడ వచ్చింది. యాకుత్‌పురా వచ్చింది.

శ్రీహరిరావు కళ్లద్దాలు తీశాడు. "నిద్రలోనే పోయింది. బాధ పడలేదు," అన్నాడు.

నిజం కన్నీళ్లే వచ్చాయి. సీమోను ఆయన చేతులు పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఎదుటి సీట్లవాళ్లు కూడా మాటలాపారు.

ఆమెన్ అయ్యాక ప్రేమ్‌రాజ్ గొంతు సవరించుకున్నాడు. "ఇగ ఒక్క పానానికి వంటమనిషెందుకు సార్? మా స్కూల్ పెద్ద మేడమ్ ఇంట్ల మనిషి కోసం దేవులాడుతున్నరు. ఉండనీకి రూమ్ గిట్ల ఇస్తరు. ఈ అమ్మను అడగాల్నా?"

రుక్మిణమ్మ మళ్లీ భర్తకేసి చూసింది.

"అడుగు," అన్నాడు శ్రీహరిరావు బయటికి చూస్తూ. "చెయ్యి మంచిది."

"ఏమమ్మా, వస్తవా?"

"వస్తాను బాబూ. ఇవాళే చూపించు."

శ్రీహరిరావు గిరుక్కున తిరిగాడు. అప్పటికి ఆవిడ ఇటు చూడడం మానేసింది.

చందానగర్‌లో ప్రేమ్‌రాజ్ వెనకే దిగింది. శ్రీహరిరావు సగం లేచి, పేరు పెట్టి పిలవడానికి నోరు తెరిచాడు.

"కూసోండి సార్, మీరెందుకు? మావోడు మంచిగ చూసుకుంటడు," అంటూ సీమోను ఎంతో ప్రేమగా ఆయన భుజం పట్టి కిందికి నొక్కాడు.