పతాకం మీది పేరు

మే 18, శనివారం ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు చైనాలోని వేఫాంగ్ నగరంలో శస్త్రవైద్య చరిత్ర మ్యూజియం గేటు దగ్గర కాపలాదారు షౌతియెన్‌ను ఆపాడు. షౌతియెన్ చంకలో చుట్టగా చుట్టిన ఎర్ర పట్టు పతాకం ఉంది.

"విప్పి చూపించు పెద్దాయనా" అన్నాడు కాపలాదారు తుంగ్.

"లోపలికెళ్ళాక విప్పుతాను."

"లోపల విప్పితే నా ఉద్యోగం ఊడుతుంది. ఇంతకు ముందు నేనొక ఆఫీసులో కాపలా ఉండేవాణ్ణి. ఒకాయన ఇట్లాగే ఎర్రగుడ్డ చంకన పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. మెచ్చుకోడానికి వచ్చాడనుకుని టీ కూడా ఇచ్చాను. విప్పితే అన్నీ తిట్లే. అవీ బంగారు అక్షరాల్లో."

షౌతియెన్ భార్య గ్వైలాన్ ఒక కొస పట్టుకుంది. షౌతియెన్ రెండో కొస పట్టుకున్నాడు. తుంగ్ చదివాడు. "డాక్టర్ జువో వెన్‌ఛింగ్ గారికి. పదహారు గంటలు కుట్టారు. నాలుగు వేళ్ళూ పనిచేస్తున్నాయి. ఇట్లు, షౌతియెన్."

"ఇదేం రాత? పతాకం మీద నాలుగు పొగడ్త అక్షరాలుండాలి గానీ ఇట్లా ఎవరైనా రాస్తారా?"

"కుట్టిన షాపువాడూ అదే అన్నాడు" అన్నాడు షౌతియెన్.

"నేనూ అదే అన్నాను" అంది గ్వైలాన్. "నా మాట వింటే ఈయన ఎప్పుడో బాగుపడేవాడు."

తుంగ్ షౌతియెన్ కుడిచేతిని చూశాడు. నాలుగు వేళ్ళ మొదళ్ళనూ కలుపుతూ అడ్డంగా ఒక తెల్లటి గీత ఉంది. అతను గేటు తీశాడు.

షౌతియెన్ వయసు యాభై తొమ్మిది. నగరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో అతనికి మూడు ప్లాస్టిక్ పందిళ్ళు ఉన్నాయి. వాటిలో దోసకాయలు పండిస్తాడు. 1984 అక్టోబరులో, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఎద్దు కోసం మొక్కజొన్న చొప్ప కోస్తుండగా యంత్రంలో చెయ్యి పడింది. బొటనవేలు ఒక్కటే మిగిలింది. తల్లి నాలుగు వేళ్ళనూ రొట్టెలు ఆవిరిపెట్టే గుడ్డలో మూటకట్టి, కొడుకును ట్రాక్టరెక్కించి నగరానికి తీసుకొచ్చింది. పదహారు గంటల తర్వాత ఆ వేళ్ళు చేతికి తిరిగి వచ్చాయి.

పదో రోజున తల్లి ఊరంతటినీ కూడగట్టింది. డప్పులు, తాళాలతో ట్రాక్టరు మీద వచ్చి ఆసుపత్రిలో కృతజ్ఞతగా ఎర్ర పతాకం ఇచ్చింది. దాని మీద డాక్టర్ ఫాన్ పేరు ఉంది. రోజూ పొద్దున్నే పదిమంది వెంటరాగా మంచం దగ్గరికి వచ్చే తెల్లజుట్టు ఆయన ఫాన్. వేళ్ళు అతికించింది ఆయన కాకపోతే ఇంకెవరు? వేళకోసారి ఒంటరిగా వచ్చి, గోళ్ళు నొక్కి రంగు చూసి వెళ్ళే పొట్టి మనిషిని తల్లి నర్సు అనుకుంది. డాక్టర్ జువో ఆమే.

షౌతియెన్‌కు ఆ సంగతి తెలుసు. పూర్తి మత్తు ఇవ్వలేదు. పదహారు గంటలూ అతను మేలుకునే ఉన్నాడు. తెర అవతలి నుంచి అతను విన్నది ఆమె గొంతు. కానీ డప్పులు మోగిన రోజున అతను మంచం మీద ఉన్నాడు. పతాకం గోడకెక్కిన తర్వాత గానీ అందులో ఏముందో తెలియలేదు. తల్లికి చెప్పాడు. తల్లి తల పట్టుకుంది. ఎక్కిన పతాకాన్ని దించమని అడిగితే పెద్దాయన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ఆమె ఇంటికి వెళ్ళి నలభై గుడ్లు తెచ్చి జువోకు ఇచ్చింది. ఆ విషయం మళ్ళీ ఎత్తవద్దని కొడుకుతో చెప్పింది.

ఫాన్ పోయి ఇరవై ఏళ్ళయింది. తల్లి మూడేళ్ళ కిందట పోయింది. ఈ మార్చిలో ఆసుపత్రి పాత భవనంలో మ్యూజియం తెరిచారు. ఎవరో తీసిన వీడియోలో షౌతియెన్ ఆ పతాకాన్ని చూశాడు. దాని కింద పలక మీద "శస్త్రచికిత్స చేసినవారు: డాక్టర్ ఫాన్" అని ఉంది. గోడ మీద ఉన్నంతవరకు అది తల్లి పొరపాటు. పలక మీదికి ఎక్కాక అది చరిత్ర అవుతుంది. జువోకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆమె బతికుండగానే ఆ పలక మారాలని షౌతియెన్ అనుకున్నాడు. రిటైరైన సిబ్బంది శనివారం బస్సులో మ్యూజియం చూడటానికి వస్తున్నారని, వాళ్ళలో జువో కూడా ఉన్నారని గ్వైలాన్ పిన్ని కూతురు చెప్పింది. ఆ అమ్మాయి ఒకప్పుడు ఆ వార్డులో ఆయా.

కింది హాల్లో ఎముక సూదులు, రాగి కత్తులు, కాళ్ళు కోసే రంపం ఉన్నాయి. గ్వైలాన్ రంపం దగ్గర ఆగింది.

"మత్తు లేకుండానే కోసేవాళ్ళట."

"పైకి పద."

"నీకు మత్తిచ్చి కోశారు కాబట్టి నీకు తొందర."

"నన్ను కోసింది యంత్రం. వాళ్ళు కుట్టారు."

పతాకం మేడ మీద రెండో గదిలో ఉంది. ఎరుపు గోధుమరంగులోకి తిరిగింది. అంచు కుచ్చులు సగం రాలిపోయాయి. నాలుగు పెద్ద అక్షరాలు మాత్రం నిలిచాయి. నేర్పున్న చెయ్యి రోగికి వసంతం తిరిగి తెస్తుందని వాటి అర్థం. ఎడమపక్కన తల్లి పేరు. కుడిపక్కన ఫాన్ పేరు.

పది గంటల పది నిమిషాలకు పన్నెండు మంది వృద్ధులు మెట్లెక్కి వచ్చారు. వాళ్ళ ముందు మ్యూజియం అధికారి మియావో నడుస్తోంది. ముప్ఫై ఏళ్ళ మనిషి. చివర్న చేతిసంచితో జువో వచ్చారు. షౌతియెన్ ఎదురెళ్ళి కుడిచెయ్యి చాపాడు. జువో అతని ముఖం చూడలేదు. చెయ్యి అందుకుని, తిప్పి, ఒక్కో గోరూ నొక్కారు.

"చొప్ప యంత్రం" అన్నారు. "ఉంగరం వేలు లోపలికి తిరిగింది. ఆ వేలు దగ్గరికి వచ్చేసరికి కుట్టడం మొదలుపెట్టి పన్నెండు గంటలయింది. అది నా తప్పు."

"దానితోనే దోసపాదులకు ముడులు వేస్తాను డాక్టరమ్మా. ఆ వంపు ముడికి బాగా పనికొస్తుంది."

"అబద్ధం" అంది గ్వైలాన్. "ముడులన్నీ నేను వేస్తాను. ఈయన దారం అందిస్తాడు."

షౌతియెన్ పతాకం విప్పాడు. ముసలివాళ్ళు చుట్టూ చేరారు. ఎవరో గట్టిగా చదివారు. జువో కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"చుట్టెయ్యి" అన్నారు.

"మీకోసమే తెచ్చాను."

"అదే చెప్తున్నాను. చుట్టెయ్యి. ఇక్కడ వద్దు."

మియావో గోడ మీది పతాకాన్నీ, ఈ పతాకాన్నీ మార్చి మార్చి చూసింది. చేసిందెవరని అడిగింది. షౌతియెన్ చెప్పాడు. మాట మీద పలక మార్చలేనని మియావో అంది. ఆసుపత్రి కాగితంలో మొదటి పేరు ఫాన్‌ది, రెండో పేరు జువోది. విభాగాధిపతి పేరు ముందు రాయడం ఆనవాయితీ కాబట్టి దాన్ని బట్టి ఏదీ తేలదని కూడా ఆమే చెప్పింది. డాక్టరు గారు స్వయంగా సంతకం చేసి వాంగ్మూలం ఇస్తే మార్చవచ్చు. ఆ కాగితం కింద ఉంది. తెస్తానని వెళ్ళింది.

మిగతా ముసలివాళ్ళు పక్కగదికి మళ్ళారు. గ్వైలాన్ కిటికీ దగ్గర నిలబడింది. జువో బల్ల మీద కూర్చుని షౌతియెన్‌ను పక్కన కూర్చోమన్నారు.

"నేను సంతకం పెట్టను బాబూ."

"ఎందుకు?"

"ఆ రోజు ఫాన్ గారు చేతులు కడుక్కుని వచ్చారు. గౌను వేసుకున్నారు. మైక్రోస్కోపు కింద సూది పట్టుకున్నారు. సూది కొన వణికింది. ఆయన మళ్ళీ పట్టుకున్నారు. మళ్ళీ వణికింది. నా వైపు చూసి, 'జువోకి నేర్చుకునే అవకాశం ఇద్దాం' అని అందరికీ వినబడేట్టు అన్నారు. లేచి నాకు కుర్చీ ఇచ్చారు. వణుకు సంగతి నాకొక్కదానికే తెలుసు."

షౌతియెన్ తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"ఆ తర్వాత ఆయన ఎక్కడికీ పోలేదు. పదహారు గంటలూ నా వెనకే నిలబడ్డారు. నా చేతులు ఖాళీగా లేవు కదా. పైపుతో నాకు నీళ్ళు తాగించారు. రొట్టె తుంచి నోట్లో పెట్టారు. మీ అమ్మ డప్పులతో వచ్చినప్పుడు ఆయన నోరు తెరిచి, ఇది నాది కాదు అనాలి. అంటే, మరి మీరెందుకు చెయ్యలేదని అడుగుతారు. అప్పటికి ఆయన రిటైర్మెంటుకు ఏడాది లేదు. నేనే ఆయన చెయ్యి గిల్లాను. తీసుకోండి అన్నాను."

"మీరే ఇప్పించారా?"

"నేనే. మర్నాటి నుంచి ఆయన కత్తి పట్టలేదు. నాకు నేర్పడమే పని. ఆ తర్వాత నేను అతికించిన నూట ఇరవై వేళ్ళూ ఆయన నేర్పినవే. ఇప్పుడు నేను సంతకం పెడితే, ఆయన ఇంకొకరి పతాకం కాజేశాడని జనం అంటారు. చెప్పు, పెట్టనా?"

షౌతియెన్ గోడ వైపు చూశాడు. "అయితే పలక మీద అబద్ధం ఉండిపోతుంది."

"ఉంటే ఎవరికి నష్టం?"

"నాకు. ఆ చెయ్యి నాది."

జువో చేతిసంచిలోంచి పచ్చ ముల్లంగి ముక్కల డబ్బా తీసి మూత తెరిచి అతని ముందు పెట్టారు. అతను ఒక ముక్క తీసుకున్నాడు. ఆమె ఒకటి తీసుకున్నారు. గదిలో తినకూడదని గోడ మీద రాసుంది.

"ఆయన నీళ్ళు తాగించిన సంగతి ఎవరికి తెలుసు?" అన్నాడు షౌతియెన్.

"అందరికీ. నర్సులు చెప్పుకుని నవ్వేవాళ్ళు. పెద్దపిచ్చుక పిల్లపిచ్చుకకు పెట్టినట్టు పెడుతున్నాడని."

"అదీ రాయించండి మరి. మీరు కుట్టారు, ఆయన నీళ్ళు తాగించారు. రెండూ నిజమే. రాసినదానిలో దొంగతనం ఎక్కడుంది?"

జువో ముల్లంగి నమలడం ఆపారు.

మియావో కాగితంతో వచ్చింది. డబ్బా చూసి ఏదో అనబోయి ఊరుకుంది. "ఇంకొక సంగతి డాక్టరు గారూ. నేను కమిటీకి చూపించాలి. కాగితంలో లేని వివరం, చేసినవారికి మాత్రమే తెలిసేది, ఒకటి కావాలి."

"ఎడమకాలి బూటు విప్పు" అన్నారు జువో షౌతియెన్‌తో.

షౌతియెన్ వంగి బూటు విప్పాడు. మేజోడులోంచి బొటనవేలు బయటికి వచ్చింది.

"కొత్త జత మంచం మీద పెట్టాను" అంది గ్వైలాన్ కిటికీ దగ్గర్నించి. "మంచం మీద పెట్టి మరీ చెప్పాను."

"పాదం పైన రెండు మచ్చలుంటాయి" అన్నారు జువో, అటు చూడకుండా. "ఒకటి వేలంత పొడవు. రెండోది దాని పక్కనే, గోరంత. కాలి రక్తనాళం తీసి చేతికి వేశాను. మొదటిసారి తీసిన ముక్క చాలలేదు. చిన్నవేలు నల్లబడుతుంటే మళ్ళీ కోశాను. రెండో కోత సంగతి కాగితంలోకి ఎక్కలేదు. అప్పటికి రాసే నర్సు నిద్రపోయింది."

షౌతియెన్ మేజోడు తీశాడు. మియావో మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. రెండు మచ్చలున్నాయి. స్కేలు పెట్టి కొలిచి ఫోటో తీసింది. పక్కగదిలోంచి వచ్చిన ముసలివాళ్ళలో ఒకాయన, ఈ మ్యూజియంలో బతికున్న వస్తువులు కూడా పెట్టారే అన్నాడు.

"కలం ఇవ్వు" అన్నారు జువో.

వాంగ్మూలం రాయడానికి ఆమెకు ఇరవై నిమిషాలు పట్టింది. ఒక వాక్యం కొట్టేశారు. చివరికి దాన్ని షౌతియెన్‌కు ఇచ్చి చదవమన్నారు. వణుకు మాట అందులో లేదు. అతను తల ఊపాడు. ఆమె సంతకం చేశారు. కింద సాక్షిగా అతను కుడిచేత్తో సంతకం చేశాడు.

పాతదాని పక్కనే కొత్త పతాకాన్ని కూడా వేలాడదీయవచ్చా అని మియావో అడిగింది.

"నలభై ఏళ్ళకు వచ్చింది" అన్నారు జువో. "మీ గోడకు ఇవ్వడానికా?"

"ఇంట్లో ఎక్కడ పెడతారు డాక్టరమ్మా?" అని అడిగింది గ్వైలాన్. "ఆ రాతతో ముందుగదిలో పెడితే చుట్టాలు నవ్వుతారు."

"నవ్వనియ్. అక్షరాలు పెద్దవి. కళ్ళద్దాలు లేకుండా చదువుకోవచ్చు."

పదకొండు గంటల యాభై నిమిషాలకు వృద్ధుల బస్సు బయలుదేరింది. జువో కిటికీ పక్కన కూర్చున్నారు. పతాకం చుట్ట ఆమె ఒళ్ళో ఉంది. పందిళ్ళలో నీళ్ళు పెట్టే వేళ దాటిపోయిందని గ్వైలాన్ చెప్పగా షౌతియెన్ కాపలాదారు తుంగ్‌కు చెయ్యి ఊపి బస్టాండు వైపు నడిచాడు.

కమిటీ మంగళవారం కూర్చుంది. మే 22, బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు మియావో పాత పలక తీసి కొత్తది పెట్టింది. ఫోటో తీసి ఇద్దరికీ పంపింది. పలక మీద మూడు వాక్యాలు ఉన్నాయి. "1984 అక్టోబరులో రోగి షౌతియెన్ కుడిచేతి నాలుగు వేళ్ళను డాక్టర్ జువో వెన్‌ఛింగ్ పదహారు గంటలపాటు కుట్టి అతికించారు. ఆ పదహారు గంటలూ ఆమె గురువు డాక్టర్ ఫాన్ వెనక నిలబడి ఆమెకు నీళ్ళు తాగించారు. పతాకం ఆయన పేరున వచ్చింది."