ఆరంగుళాల ఎత్తు

నెబ్రాస్కా ఇసుక కొండల్లో మగవాడి పరువు అతని పికప్ బండి మీద ఉంటుంది. ఆ మాట అక్కడ ఎవరూ పైకి అనరు గానీ, ఆదివారం పూట చర్చి ముందు బళ్ళు ఆగే చోట కాసేపు నిలబడితే ఎవరికైనా తెలిసిపోతుంది. పశువులు పెంచే ముసలి డెల్మార్ పికప్‌కి ఒక తలుపు నీలం, ఇంకొకటి తెలుపు. వెనకంతా గడ్డి, కంచె తీగ, ఒక ముసలి కుక్క. దాన్ని చూసి నవ్వినవాడు లేడు. పట్నం నుంచి వచ్చిన బ్రెంట్ పికప్‌ని చూస్తే మాత్రం అందరూ మీసాల చాటున నవ్వుకునేవారు.

"అబ్బాయ్, నీ బండి కడిగిన కంచంలా ఉంది. వడ్డిస్తే ఇందులోనే తినేస్తాం," అనేవాడు డెల్మార్.

బ్రెంట్ కూడా వాళ్ళతో పాటు నవ్వేసేవాడు. ఇంటికెళ్ళాక మాత్రం ఆ మాట అన్నం దిగనిచ్చేది కాదు. అతనిది ఒమాహా పట్నం. మెర్విన్ ఒక్కగానొక్క కూతురు జెనెల్‌ని చేసుకుని నెబ్రాస్కాలోని ఈ మూలకి వచ్చిపడ్డాడు. చుట్టూ అందరూ పశువుల వాళ్ళు, జీను మీద పుట్టి జీను మీద పెరిగినవాళ్ళు. అతను వాళ్ళకి వడగళ్ళ బీమా అమ్ముతాడు. ఆ కాగితాల మీద అందరూ సంతకం పెడతారు, ఎవరూ పశువుల పనికి మాత్రం పిలవరు. ఒక్క మామగారు మెర్వినే అతన్ని ఏనాడూ చిన్నచూపు చూడలేదు.

ఆకులు రాలే కాలంలో మెర్విన్‌కి ఊపిరితిత్తుల్లో కాన్సరని తేలింది. ఆ ఆదివారం భోజనాల దగ్గర, బంగాళాదుంపల గిన్నె చేతికందిస్తూ, వాన రాకడ చెప్పినంత మామూలుగా చెప్పాడాయన.

"నేను పోయాక శవాల్ని మోసే ఆ నల్ల కారు ఎక్కించకండి. మా తాతని మా నాన్న తన బండిలో తీసుకెళ్ళాడు. మా నాన్నని నేను నా బండిలో తీసుకెళ్ళాను. నన్ను అల్లుడి బండిలో తీసుకెళ్ళాలి."

అత్తగారు ఆర్డిత్ ముఖం తిప్పుకుంది. జెనెల్ లేచి వంటింట్లోకి పోయింది. బ్రెంట్ కళ్ళు చెమ్మగిల్లాయి గానీ, నిజం చెప్పాలంటే, ఆ చెమ్మలో దుఃఖం కన్నా గర్వమే ఎక్కువ. అంతమంది ముసలి పశువుల వాళ్ళుండగా మెర్విన్ ఎన్నుకున్నది తన బండిని. ఇక దాన్ని చూసి నవ్వే నోళ్ళు మూతపడాలనుకున్నాడు.

అందుకే బండిని ఎత్తు చేయిద్దామన్నాడు. మంచులో, ఇసుకలో శ్మశానం దాకా ఎక్కాలి కదా అన్నది పైకి చెప్పిన కారణం.

"లేపితే ఓ రెండంగుళాలు లేపు, చాలు," అంది జెనెల్. "నువ్వెళ్ళేది బీమా ఆఫీసుకి, యుద్ధానికి కాదు."

పట్నంలో షాపుకి మామగారిని కూడా వెంటబెట్టుకెళ్ళాడు. షాపువాడు గోడ మీద బొమ్మలు చూపించాడు. రెండంగుళాల కిట్ అంటే ముందు స్ప్రింగుల మీద చిన్న దిమ్మలు, వెనక ఇంకో దిమ్మ, బండి నడక పెద్దగా మారదు. ఆరంగుళాలదంటే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, కింది చట్రంలో సగం మార్చాలి, దానికి మనిషి నడుముని అందుకునే టైర్లు కూడా పడతాయి. బయట అలాంటిదే నల్లది ఒకటి నిగనిగలాడుతూ నిలబడి ఉంది. బ్రెంట్ చూపు దాని మీదే.

"రెండంగుళాలు పెట్టిస్తే పెట్టించినట్టు ఎవరికీ తెలీదు సార్," అన్నాడు షాపువాడు, వ్యాపారస్తుడు కదా.

మెర్విన్ కుర్చీలో కూర్చుని ఊపిరి కూడదీసుకుంటూ ఆ నల్ల బండిని ఎగాదిగా చూశాడు. "శ్మశానం గేటు దగ్గర మంచు దాటడానికి రెండు చాలు అల్లుడూ. టైర్లు మాత్రం ఒక సైజు పెద్దవి వెయ్యి, పట్టు ఉంటుంది. అంతకన్నా లేపావనుకో, నన్ను ఎక్కించేవాళ్ళ గతేమిటి? ఆ రోజు నేనేమీ సాయం పట్టలేను మరి!" అని నవ్వి, ఆ నవ్వుతో దగ్గు తెచ్చుకున్నాడు.

"అలాగే మామయ్యా, రెండే," అన్నాడు బ్రెంట్.

ఆయన్ని ఇంటి దగ్గర దింపాడు. మలుపు తిరిగి, ఆ ఇల్లు కనుమరుగయ్యాక బండి పక్కకి ఆపి, షాపుకి ఫోన్ చేసి ఆరంగుళాలది పెట్టమన్నాడు. టైర్లు ముప్ఫై అయిదంగుళాలవి. ఎవరో వెనక సీట్లో కూర్చుని వింటున్నట్టు గొంతు తగ్గించి మరీ చెప్పాడు.

చర్చి ముందు మొదటి ఆదివారం డెల్మార్ తల పైకెత్తి చూశాడు. "అబ్బో! నిచ్చెన కూడా ఇచ్చారా, విడిగా కొనుక్కోవాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. మునుపు మీసాల చాటున నవ్వేవాళ్ళు, ఇప్పుడు ఎదురుగానే నవ్వారు. అంత ఎత్తున కూర్చున్నవాడికి ఆ తేడా తెలియలేదు.

ఆవులు ఈనే కాలం వచ్చింది. పచ్చిక బయళ్ళ నిండా దూడలు. మెర్విన్ అప్పటికి మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి అన్నట్టున్నాడు. ఎండ కాసిన ఒక పొద్దున, "దూడల్ని ఒక్కసారి చూపిస్తావా అల్లుడూ?" అని ఫోన్ చేశాడు.

బ్రెంట్ వెళ్ళాడు. మెర్విన్ కోటు, టోపీ వేసుకుని వాకిట్లో సిద్ధంగా ఉన్నాడు. బండి తలుపు తీస్తే సీటు ఆయన రొమ్ము ఎత్తున ఉంది.

"ఇది రెండంగుళాలా?"

"ఆ కిట్టు దొరకలేదన్నాడు మామయ్యా."

మెర్విన్ పిడి పట్టుకుని కాలెత్తాడు. మెట్టు అందలేదు. మళ్ళీ ఎత్తాడు. మూడోసారి ఎత్తి, అందక, సీటుకి నుదురు ఆనించి నిలబడిపోయాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది. బ్రెంట్ పక్కనే చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. అంతటి మనిషిని పసివాడిలా చంకలో చెయ్యి వేసి లేపడానికి మొహమాటం అడ్డొచ్చింది. కొట్టంలో మెర్విన్ పాత బండి ఉంది, దాని తాళం వంటింట్లో మేకుకి వేలాడుతుంది. వెళ్ళి అడిగితే ఎందుకని ఆర్డిత్ అడుగుతుంది.

"ఇవాళ ఓపిక లేదులే. ఇంకో రోజు చూద్దాం," అన్నాడు మెర్విన్.

గుమ్మంలో ఆర్డిత్ ఎదురైంది. "అప్పుడే వచ్చేశారేం?"

"మామయ్యకి వెళ్ళాలనిపించలేదట," అనేశాడు బ్రెంట్. మెర్విన్ అతని వంక ఒక్క క్షణం చూసి, "అవును, మనసు లేదు," అని లోపలికి పోయాడు.

ఆ ఇంకో రోజు రాలేదు. తర్వాతి వారమే మెర్విన్ పోయాడు.

తనని మోయాల్సిన ఆరుగురినీ మెర్విన్ ఎప్పుడో ఎంచి పెట్టుకున్నాడు. అందరూ తనతో దూడలకి గుర్తు వాతలు పెట్టినవాళ్ళే, అందరూ ముసలివాళ్ళే. ప్రార్థన అయ్యాక వాళ్ళు శవపెట్టెని చర్చి మెట్లు దించి బండి దాకా తెచ్చారు. బండిని బ్రెంట్ తెల్లవారుజామునే లేచి కడిగాడు. వెనక తలుపు దించి నిలబడ్డాడు. పెట్టె అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. మోసేవాళ్ళ చేతులు నడుము దగ్గర, బండి నేల రొమ్ము దగ్గర.

"ఒక్కసారి ఊపిరి బిగపట్టి ఎత్తండి," అన్నాడు డెల్మార్. ముందువైపు లేచింది. ఆపరేషనైన డెల్మార్ భుజం అంతకన్నా పైకి లేవలేదు. వెనకవాళ్ళ కాళ్ళు తడబడ్డాయి. పెట్టె ఏటవాలుగా ఒరిగింది. లోపల, మెత్తటి బట్ట మీద, మెర్విన్ జారి తలవైపు నుంచి కాళ్ళవైపుకి వచ్చి ఆగిన చప్పుడు ఊరందరికీ వినిపించింది.

జెనెల్ నోటి మీద చెయ్యి వేసుకుంది. బ్రెంట్‌కి అక్కడికక్కడే భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. పరిగెత్తి తనూ ఒక చెయ్యి పట్టి పెట్టెని కిందికి దింపించాడు. ఎవరి ముఖమూ చూడలేకపోయాడు.

అంత్యక్రియల కంపెనీ ఆయన దగ్గరికొచ్చి, నల్ల కారు సిద్ధంగానే ఉందని మెల్లిగా చెప్పాడు. డెల్మార్, "పోనీ నా బండిలో..." అన్నాడు.

"మెర్విన్ ఏ బండి అన్నాడో ఆ బండే," అంది ఆర్డిత్.

రోడ్డుకి అవతల పశువుల సంత ఉంది. ఆవుల్ని లారీలకి ఎక్కించే చెక్క ర్యాంపు అక్కడే. ఇక వేరే దారి లేక పెట్టెని రోడ్డు దాటించి, పేడ మరకల్లో నడిచి, మెర్విన్ జన్మంతా కోడెల్ని తోలిన ఆ ర్యాంపు మీదుగానే ఎక్కించారు. బ్రెంట్ బండిని వెనక్కి తెచ్చి దాని అంచుకి ఆనించాడు. అంగుళం తేడా లేకుండా సరిపోయింది.

"లారీ ఎత్తు చేయించావన్నమాట," అన్నాడు డెల్మార్. ఈసారి ఎవరూ నవ్వలేదు, అన్నవాడితో సహా. వాళ్ళు నవ్వి ఉంటే బ్రెంట్‌కి కొంత తేలికయ్యేది.

శ్మశానం దాకా బళ్ళన్నీ నెమ్మదిగా వెంట వచ్చాయి. దారికి ఎడమపక్క మెర్విన్ పచ్చిక, అందులో దూడలు తల్లుల చుట్టూ గంతులేస్తున్నాయి. అద్దంలో పెట్టె కనిపిస్తోంది. దాన్ని చూస్తుండగా బ్రెంట్‌కి అప్పుడు తట్టింది. ఎక్కించడానికి ర్యాంపు దొరికింది. దించడానికి ఆ గుట్ట మీద ఏముంది?

ఏమీ లేదు. గొయ్యి, పక్కన ఇసుక కుప్ప, దానికి గుచ్చిన పారలు. అక్కడ గొయ్యి పూడ్చేది స్నేహితులే. ఆరుగురు ముసలివాళ్ళూ బండి వెనక చేరి పైకి చూస్తూ నిలబడ్డారు.

బ్రెంట్ కోటు విప్పి కంచె మీద వేశాడు. ఒక పార పీక్కుని, బండి వెనక చక్రాల వెనకాల, బాట మధ్యలో తవ్వడం మొదలుపెట్టాడు. తెల్లచొక్కా, మెరిసే బూట్లు, ఆఫీసు చేతులు. ఇసుక తవ్విన కొద్దీ జారుతోంది. గాలికి కళ్ళల్లో పడుతోంది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఊరు ఊరంతా టోపీలు చేత్తో పట్టుకుని చూస్తోంది. డెల్మార్ రెండో పార అందుకోబోయాడు.

"వాణ్ణి తవ్వనీ," అంది ఆర్డిత్.

ఆ గొంతు విని బ్రెంట్ తల ఇంకా దించుకున్నాడు. ఆవిడ అలా మాట్లాడగా ఎన్నడూ వినలేదు. మోకాలి లోతున రెండు గోతులు తవ్వి, బండి ఎక్కి మెల్లిగా వెనక్కి పోనిచ్చాడు. ఊరంతా చూసి ముక్కున వేలేసుకున్న ఆ టైర్లు రెండూ గోతుల్లో కూరుకున్నాయి. వెనక తలుపు నడుము కిందికి దిగింది. ఆరుగురూ పెట్టెని పూలబుట్టలా అందుకున్నారు.

"ఇన్నాళ్ళకి నీ బండికి మట్టి అంటింది," అన్నాడు డెల్మార్, భుజం మీద చెయ్యి వేసి. అందులో ఎగతాళి లేదు. బ్రెంట్‌కి ఏడుపొచ్చింది.

పూడ్చడం అయ్యాక జనం భోజనాలకి చర్చికి బయల్దేరారు. "నువ్వు పోయి వడ్డన చూడవే, మీ ఆయన తెస్తాడు నన్ను," అని ఆర్డిత్ జెనెల్‌ని పంపేసింది. బ్రెంట్ బండిని గోతుల్లోంచి బయటికి తీశాడు. అది ఇట్టే ఎక్కి మళ్ళీ మునుపటి ఎత్తున నిలబడింది. దాన్ని చూడబుద్ధి కాలేదు.

"చర్చికి కాదు. దూడల దగ్గరికి పోనీ," అంది ఆర్డిత్.

బ్రెంట్ ఆవిడ వైపు తిరిగాడు. "అత్తయ్యా, ఆ రోజు మామయ్య..."

"వద్దనలేదు. తెలుసు. వంటింటి కిటికీలోంచి చూశాను. మూడుసార్లు కాలెత్తాడు."

"మరి అడగలేదేం?"

"పాత బండి తాళం చేతపట్టుకుని గుమ్మం దాకా వచ్చాను నాయనా. నువ్వలా చెప్పావు. ఆయన పక్కనే నిలబడి అవునన్నాడు. నీ మాట నిలబెట్టాడు మనిషి. ఆయన నిలబెట్టాక నేనేం అడగను?"

బ్రెంట్‌కి క్షమించమనడానికి కూడా ముఖం చెల్లలేదు. ఆర్డిత్ తలుపు తీసి, పిడి పట్టుకుని కాలెత్తింది. మెట్టు అందలేదు. రెండోసారి ఎత్తబోతుండగా అతను ఇసుకలో మోకాలు మోపి కూర్చుని, రెండో కాలు మడిచి తొడ ముందుకి పెట్టాడు. ఆవిడ గోరీ మట్టి అంటిన బూటు దాని మీద మోపి, ఒక చెయ్యి అతని నెత్తి మీద ఆనించి, చటుక్కున సీట్లోకి ఎక్కేసింది.

ఎక్కి, గౌను సర్దుకుని, కిందికి చూసింది.

"ఇంతే కదా నాయనా, ఆ రోజు కావలసింది," అంది.

ఆవిడ గొంతులో కోపం లేదు. బ్రెంట్ ఆ మోకాలి మీద నుంచి చాలాసేపు లేవలేకపోయాడు.